కారుకు దూరం నుంచి హారతి

మామ పోయారన్న కబురు నాకు పొన్నేరిలో అందింది. అక్కకు ఒంట్లో బాగాలేకపోతే చూసి వద్దామని వెళ్ళి ఉన్నాను. వాళ్ళ వీధి చివర బియ్యం మిల్లులో ఫోను ఉంది. మిల్లు మనిషి వచ్చి వాకిట్లో చెప్పులు విడిచి, "తిరుత్తణి నుంచి ఫోను వచ్చిందమ్మా. మీ మామ పొద్దన కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, కూర్చున్న చోటే పోయినాడంట" అని చెప్పాడు. మామ అంటే మా ఆయన తండ్రి.

రైల్లో దారి పొడుగునా ఏడ్చాను. ఏడుస్తూనే ఒక సందేహం పట్టుకుంది. గ్లాసు ఆయనే కింద పెట్టారా, చేతిలోంచి జారిందా? అట్లాంటి వేళలో ఇట్లాంటి సందేహమేమిటని నన్ను తిట్టుకోకండి, ఈ జబ్బు నాకు ఆయన అంటించిందే. ఇల్లు చేరి, అత్తను పట్టుకుని ఏడ్చి, ఇద్దరం కాసిన్ని నీళ్ళు తాగాక అడిగాను. అత్త కళ్ళు తుడుచుకుని, "ఆయనే పెట్టినాడే. చప్పుడు గూడా కాలేదు" అంది. నా ప్రశ్నకు అత్త ఆశ్చర్యపోలేదు. ఇంకొకరెవరైనా పోయి ఉంటే మామ కూడా ముందు అదే అడిగేవారని ఆమెకు తెలుసు.

మా ఊళ్ళో రిటైరైనవాళ్ళు పొద్దున్నే కొండ మెట్లు ఎక్కుతారు, లేకుంటే అరుగు మీద పేపరు చదువుతారు. తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన మా మామ మాత్రం ఒక పాత నల్ల కారు కొన్నారు. మద్రాసులో ఎవరిదో షెడ్డులో ఏళ్ళ తరబడి పడి ఉన్న బండి అది. పేరుకు కారే గానీ నడిచిందానికంటే నిలిచింది ఎక్కువ. సమంగా ఉన్న రోడ్డు మీద బాగానే పోయేది, చిన్న మిట్ట తగిలితే చాలు దగ్గి ఆగిపోయేది. ఇంకొకరైతే విసుక్కుని అమ్మేసేవాళ్ళు. మామకు విసుగు రాలేదు, ఎందుకు ఆగుతున్నదని ఆలోచన వచ్చింది. మిట్టలోనే ఎందుకు ఆగాలి? దిగేటప్పుడు ఎందుకు దగ్గదు?

ఆయన దేన్నయినా ఇట్లాగే అడిగేవారు. నూనెలో వేయగానే అప్పళం ఎందుకు పొంగుతుందని అత్తను అడిగితే, "పొంగకపోతే నువ్వు తినవని" అని ఆమె జవాబు. క్షౌరం చేసే ఆయన మా ఇంటికి వచ్చేటప్పుడే, "అయ్యా, ఈపొద్దు ప్రశ్నలు వద్దు, కత్తి చేతిలో ఉండాది" అని ముందే చెప్పుకునేవాడు.

తిరువళ్ళూరులో ఒక మెకానిక్కు కారు దగ్గుకు కారణం చెప్పాడు. టాంకు లోపల తుప్పు పట్టింది, ఆ తుప్పు పెట్రోలుతో పాటు వచ్చి దారిలో అడ్డం పడుతున్నది. అందుకని పెట్రోలు పోయే రబ్బరు పైపును మధ్యలో కోసి, ఒక చిన్న డబ్బా బిగించాడు. దాని పేరు ఫిల్టరు. లోపల మడతలు మడతలుగా కాగితం ఉంటుంది. పెట్రోలు ఆ కాగితంలోంచి దిగి ఇంజినుకు పోతుంది, మట్టి, తుప్పు కాగితం దగ్గరే ఆగిపోతాయి. అది నిండిపోతే తీసేసి కొత్తది పెట్టాలి. మామ పక్కన నిలబడి మొత్తం చూసి, ఇకమీదట ఈ పని ఇంట్లోనే అని తీర్మానించారు.

ఆ తీర్మానంతో అత్తకు కష్టాలు మొదలయ్యాయి. ఫిల్టరు మార్చే రోజు పెరట్లో స్నానాల పొయ్యి వెలిగించకూడదు, వంటింట్లో కిరసనాయిలు స్టవ్వు కూడా ఆర్పాల్సిందే. ఇంజిను చల్లగా ఉండాలి కాబట్టి పొద్దున్నే, కారు ఇంకా కదలకముందే పని మొదలు. అది కూడా షెడ్డులో కాదు, గాలి ఆడే వాకిట్లో. కారు పక్కన బకెట్టు నిండా ఇసుక ఉండేది. ముందు బాటరీ తీగ ఊడదీసి పక్కకు వంచేవారు. తర్వాత టాంకు మూత ఒకసారి తెరిచి, లోపల పట్టుకున్న ఆవిరిని వదిలి మళ్ళీ మూసేవారు. పైపు ఊడదీస్తే కారే పెట్రోలు పట్టడానికి ఒక పింగాణీ గిన్నె, పైపు నోట్లో పెట్టడానికి చెక్కి ఉంచిన వేపపుల్ల. "చన్నీళ్ళు పోసుకొని, పస్తుండి చేసే వ్రతం ఇదొక్కటే చూసినాను" అని అత్త సణిగేది. మామ వినిపించుకున్నట్టు కనిపించేవారు కాదు.

ఇదంతా నేను తలుపు సందులోంచి చూసేదాన్ని. పళ్ళిపట్టు నుంచి ఈ ఇంటికి కోడలుగా వచ్చినప్పుడు మా అమ్మ చెప్పి పంపిన మొదటి మాట, మామ ఎదుట నిలబడవద్దని. మా వైపు ఇళ్ళల్లో అప్పటికి అదే పద్ధతి. ఆయన వసారాలో ఉంటే కోడలు తలుపు వెనక ఉండాలి, ఏ మాటైనా అత్త ద్వారానే పోవాలి. అత్తతో మాట్లాడేటప్పుడు కూడా గొంతు గడప దాటకూడదు. నాకేమో లోపల ఉడికిపోయేది. ఆ డబ్బా మీద ఒక బాణం గుర్తు ఉండేది. ఎందుకు? రోజంతా అదే ఆలోచన. చివరికి ఉండబట్టలేక, "అత్తా, ఆ బాణం ఎందుకో మామను అడగత్తా" అని గుసగుసలాడాను.

మామ మూడు బారల దూరంలోనే ఉన్నారు. అయినా అత్త ఆయన వైపు తిరిగి, "ఆమె అడగతా ఉండాది, బాణం ఎందుకంట" అంది.

మామ వసారా స్తంభాన్ని చూస్తూ, "పెట్రోలు ఎటు పోవాల్నో చూపిస్తుందని చెప్పు. బాణం ఇంజిను దిక్కు ఉండాల. తిప్పి పెడితే పని చెడుతుంది" అన్నారు.

"ఇంజిను దిక్కంట" అని అత్త నాకు చేరవేసింది.

"మన కాఫీ ఫిల్టరు మాదిరా అని అడుగత్తా. దాంట్లో పిప్పి పైన నిలుస్తుంది గదా."

మామ స్తంభాన్ని చూడటం మానేశారు. చేతిలోని గుడ్డ కింద పెట్టి, "అదే మాదిరి. నాకు తట్టలేదే ఆ మాట!" అన్నారు. అది అత్త చేరవేయలేదు, చేరవేయాల్సిన పనీ లేదు. ఆ పూటంతా నాకు నేల మీద కాలు నిలవలేదు.

ఆ ఏడాది ఆయుధపూజ వచ్చింది. చేతి పనిముట్లన్నీ కడిగి, గంధం కుంకుమ పెట్టి, చెక్క పలక మీద వరసగా పేర్చి పూజ చేస్తాం. పూజలో పెట్టిన పనిముట్టును ఆ రోజుకు ఎత్తకూడదు, మర్నాడు విజయదశమి పొద్దున్నే తీసి పని మొదలుపెట్టాలి. మామకు కొత్త ఫిల్టరు అంతకుముందు రోజే చేతికి వచ్చింది. పూజ చేయించుకునే బండి దగ్గుతూ ఉంటే బాగుండదని, ఆ పొద్దున్నే ఫిల్టరు మార్చేసి, పంపు పక్కనున్న మీటను చేత్తో ఆడించి పెట్రోలును పైపులోకి రప్పించారు. ఆ తర్వాత కాసేపు ఆగి, తడి ఏమన్నా ఉందా అని చూసి, బండిని స్టార్టు చేసి, మళ్ళీ చూడటం ఆయన పద్ధతి. ఆ రోజు ఆ తీరిక దొరకలేదు. "నల్ల నేరం దాటిపోతా ఉంది నాయనా, రాహుకాలంలో పూజ చేస్తామా?" అని మా ఆయన తొందర. నల్ల నేరం అంటే తమిళంలో మంచి సమయం. అత్త స్పానర్లు, స్క్రూడ్రైవరు గుంజుకుపోయి పలక మీద పెట్టి కుంకుమ అద్దేసింది. బానెట్టు మూసి దాని మీద బంతిపూల దండ వేశారు. ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. ఏడాది నిండిన మా పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని మామ స్టీరింగు ముందు కూర్చున్నారు. హారతి అయ్యాక బండి నిమ్మకాయలు తొక్కుకుంటూ ముందుకు కదలాలి.

నేను పక్కవాకిలి దగ్గర రుబ్బురోలు ముందు చిన్న పీట మీద కూర్చుని వడలకు రుబ్బుతున్నాను. తల వంచితే కారు అడుగు నాకు పూర్తిగా కనిపిస్తుంది. ఇంజిను కింద నేల నల్లగా తడిసి ఉంది. చూస్తుండగానే ఆ తడి కొంచెం ముందుకు పాకింది. పెట్రోలు పని జరిగిన చోట ఎట్లాగూ ఆ వాసన ఉంటుందని ఎవరూ పట్టించుకోలేదు. అత్త కారు ముందు వంగి నేల మీద కర్పూరం బిళ్ళలు పెట్టి అగ్గిపెట్టె తీసింది.

"అత్తా" అన్నాను. అలవాటైన గొంతుతో అన్నానేమో, కొండ దిక్కునుంచి వచ్చే మైకుసెట్టు హోరులో అది నాకే వినిపించలేదు. అగ్గిపుల్ల గీసిన చప్పుడు మాత్రం ఎట్లా వినిపించిందో తెలియదు. పిండి చేతులతోనే లేచి వాకిట్లోకి ఉరికాను.

"మామా! నిప్పు! కింద పెట్రోలు కారతా ఉండాది! పాపను ఎత్తుకొని దిగు మామా!"

'దిగండి' అని కూడా అనలేదు. అంత గొంతు నాలో ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

మామ మారుమాట లేకుండా దిగి పాపను మా ఆయన చేతుల్లో పడేశారు. "ఊదు! ఊదేసి గేటు దిక్కు పో!" అని అత్తను అరిచారు. అత్త పుల్లను ఊదేసి, "మురుగా, మురుగా" అంటూ గేటు దాకా పరిగెత్తింది. మామ తాళంచెవి జోలికి పోలేదు. బానెట్టు ఎత్తితే దండ జారి కింద పడింది. పైపును బిగించే క్లిప్పు సరిగ్గా కూర్చోక అక్కడినుంచి చుక్కలు చుక్కలుగా కారుతున్నది. పైపును మడిచి పురికొసతో గట్టిగా కట్టి, తడి మీద బకెట్టు ఇసుక పోసేశారు. స్పానర్లు పూజలో ఉన్నాయి. అత్త అంత కంగారులోనూ, "అవి ఎత్తొద్దు, ఏడాదంతా పని చెడుతుంది" అని గేటు దగ్గరినుంచే గుర్తు చేసింది.

ఆ తర్వాత అందరూ నా వైపు తిరిగారు. అప్పుడు గానీ నేనేం చేశానో నాకు తెలిసిరాలేదు. మామ ఎదుట అరిచిన కోడలని పేరు పడితే ఆ పేరు సాయంత్రం బస్సుకే పళ్ళిపట్టు చేరుతుంది. మా అమ్మ ముఖం గుర్తొచ్చి తలుపు వెనక్కు పోబోయాను.

"ఉండమ్మా" అన్నారు మామ. స్తంభాన్ని చూసి కాదు, నన్నే చూసి. "నేను బండిలో ఉండాను. వీడు నిలబడి ఉండాడు, మీ అత్త వంగినా చూడలేదు. నీకెట్లా కనిపించింది?"

"నేను కింద కూర్చొని ఉండాను మామా" అన్నాను.

ఆయన నేరుగా రోలు దగ్గరికి పోయి, నా పీట మీద కూర్చుని, తల వంచి కారు అడుగు చూశారు. ముందుకు వంగి ఒకసారి, వెనక్కు జరిగి ఒకసారి చూశారు. తర్వాత లేచి, "అవును, ఇక్కడినుంచి బాగా కనిపిస్తా ఉంది" అన్నారు. పాప బతికింది, ఆయన బతికారు. ఆయనకు మాత్రం ముందు ఆ సంగతి తేలాలి. నాకు నవ్వు, ఏడుపు ఒకేసారి వచ్చాయి.

మర్నాడు విజయదశమి. పొద్దున్నే మామ పలక మీదినుంచి స్క్రూడ్రైవరు తీసి, కుంకుమ కూడా తుడవకుండా తెచ్చి నా రోలు పక్కన పెట్టారు. "ఈపొద్దు ఏ విద్య మొదలుపెట్టినా వస్తుందంటారు. రామ్మా, ఆ క్లిప్పు నువ్వే సరిచెయ్యి" అన్నారు.

అత్త ఒప్పుకోలేదు. "మామకు ఎదురుగా కోడలు నిలబడి ఇనుము పట్టుకునేదా? చూసినోళ్ళు నగరా?"

"నిన్న ఎదురుగానే అరిచింది గదా. నిన్న ఎవురన్నా నగినారా?"

"నిన్నటిది ఆపద."

"ఆపద చెప్పి వస్తుందా? ముందునుంచే ఎదురుగా ఉండనీ."

అత్త విసవిసా లోపలికి పోయింది. పోతూ పోతూ స్నానాల పొయ్యి మీద చెంబెడు నీళ్ళు కుమ్మరించి ఆర్పేసింది. అది కోపమో అంగీకారమో నాకు ఈనాటికీ తెలియదు.

పాఠం చిన్నదే. ఫిల్టరు మూతికి పెదవిలాంటి అంచు ఉంటుంది. నిన్న తొందరలో క్లిప్పు ఆ అంచు మీద కూర్చుంది, దాన్ని దాటి వెనక కూర్చోవాలి. పైపును లోపలికంటా తొడగాలి. పాత క్లిప్పు పట్టు తప్పితే మళ్ళీ వాడకూడదు. తడిసిన గుడ్డలను మూలన కుక్కకుండా బయట ఆరవేయాలి. ఇవన్నీ చెప్పి చివర్లో, "అంతా అయినాక నిలబడి చూసేది చూపు కాదు. కూర్చొని చూడు" అన్నారు. ఆ మాట తర్వాత మా ఇంట్లో అన్నింటికీ వాడుకలోకి వచ్చింది. పెళ్ళి సంబంధాలకు కూడా.

ఆ రోజునుంచి మా ఇంట్లో ఒక కొత్త ఆచారం మొదలైంది. కారు బాగుచేశాక హారతి ఇస్తాం, కానీ గేటు అవతల నిలబడి, కారు వైపు గాలిలో తిప్పుతాం. అది కూడా తడి లేదని నేను రోలు దగ్గర కూర్చుని చూసి చెప్పాకే. వీధిలోవాళ్ళు, "మీ కారుకేమన్నా అంటుముట్టా?" అని ఎగతాళి చేసేవాళ్ళు. "మా మురుగన్ కొండ మీద ఉండాడు, ఆయనకు మనం యాడనుంచి మొక్కతా ఉండాం?" అని మామ తిరుగుబాణం వేసేవారు.

తీసేసిన పాత ఫిల్టరును ఆయన పారేయనిచ్చేవారు కాదు. ప్రహరీ గోడ మీద నాలుగైదు ఎండలకు పూర్తిగా ఆరనిచ్చి, కోసి, లోపలి కాగితాన్ని తెల్ల పళ్ళెంలో దులిపేవాళ్ళం. ఎర్రగా ఉన్నది టాంకు తుప్పు, మెరిసేది ఇసుక. ఒకసారి ఒక చిన్న పురుగు రెక్క, చెక్కు చెదరకుండా వచ్చింది. మూత వేసి ఉన్న టాంకులోకి అది ఎట్లా పోయింది? పెట్రోలు పోసేటప్పుడు పడిందని నేను, మద్రాసు షెడ్డులో ఉన్నప్పటిదని ఆయన. ఆ వాదం తేలకుండానే ఆయన పోయారు.

ఒకసారి మా పుట్టింటివాళ్ళను కారులో ఎక్కించుకుని వస్తుంటే కే.జీ.కండిగై దగ్గర బండి ఆగిపోయింది. కొత్త ఫిల్టరు చేతిలో ఉంది, కానీ ఇంజిను కాగి ఉంది. అది చల్లారేదాకా మామ ఎవరినీ బానెట్టు దగ్గరికి రానివ్వలేదు. అందరం చింతచెట్టు నీడలో పులిహోర తిన్నాం. తర్వాత నేను కొంగు బిగించి పనిలోకి దిగితే, సంతకు వచ్చిన జనం గుమిగూడారు. మామ చేతిలో గొడుగుతో, "బీడీ ఆర్పయ్యా, ఆర్పినాక ఎంతసేపన్నా చూడు" అని ఒక్కొక్కరినే వెనక్కు తోస్తున్నారు. ఒక పెద్దమనిషి, "ఏమన్నా, ఆడకూతురి చేత చేయిస్తా ఉండావు?" అని అడిగాడు. "ఆమెకు నాకంటే బాగా కనిపిస్తుంది" అన్నారు మామ. పక్కన మా అమ్మ ఉంది. మామ ఎదుట నిలబడవద్దని నాకు చెప్పి పంపిన అమ్మ, నా చేతికి ఒక్కొక్కటిగా క్లిప్పులు అందించింది.

చివరి ఏళ్ళలో మామకు చెవులు మందగించాయి. అత్త చెప్పేది ఆయనకు సరిగా అందేది కాదు. "గట్టిగా చెప్పేదానికి కోడలు ఉండాది, దాన్ని పిలువు" అని ఆయనే అనేవారు. తలుపు వెనక గుసగుసలాడిన నేను, వీధంతా వినపడేట్టు ఆయనకు పేపరు చదివి చెప్పేదాన్ని. అత్త మాటలు కూడా నేనే చేరవేసేదాన్ని. మేము ముగ్గురం ఆ తమాషా తలచుకుని చాలాసార్లు నవ్వుకున్నాం.

కర్మలన్నీ అయ్యాక చుట్టాలను స్టేషనులో దింపి వస్తుంటే కారు మళ్ళీ దగ్గింది. మెకానిక్కు దగ్గర వదిలేద్దామని మా ఆయన అన్నారు. వెనక సీట్లో అత్త, "ఎందుకు? ఈమె లేదా?" అంది.

మామ తెచ్చి ఉంచిన కొత్త ఫిల్టరు షెడ్డులో మేకుకు వేలాడుతున్నది. మర్నాడు పొద్దున్నే నేను చెప్పకముందే అత్త స్నానాల పొయ్యి ఆర్పేసింది. బాటరీ తీగ తీశాను, టాంకు మూత తెరిచి మూశాను, బాణం ఇంజిను దిక్కు పెట్టి బిగించాను. మధ్యలో కళ్ళు రెండుసార్లు తుడుచుకోవాల్సి వచ్చింది. పెట్రోలు రప్పించి, బానెట్టు తెరిచే ఉంచి, కారు కింద పాత పేపరు పరిచి, రోలు దగ్గర పీట వేసుకుని కూర్చున్నాను. పేపరు పొడిగానే ఉంది. బాటరీ తీగ బిగించి, బండి స్టార్టు చేసి, ఆపి, మళ్ళీ వచ్చి కూర్చున్నాను. పొడిగానే ఉంది.

అత్త గేటు అవతల నిలబడి ఉంది. చేతిలో పళ్ళెం, పళ్ళెంలో వెలిగించని కర్పూరం. తాను హారతి ఇవ్వకూడదని పళ్ళెం నాకోసమే పట్టుకుని ఉంది. ఈ ఏడు మా ఇంట్లో పండుగలు లేవు, అయినా ఇది మాత్రం తప్పకూడదని ఆమెకెందుకు అనిపించిందో నేను అడగలేదు.

అలవాటు కొద్దీ వసారా వైపు తిరిగి, "తడి లేదు మామా" అన్నాను. అక్కడ ఆయన కుర్చీ మాత్రం ఉంది. మాట నోట్లోంచి వచ్చేశాక పీట మీదినుంచి లేవలేకపోయాను.

అత్త కూడా ఆ కుర్చీనే చూస్తున్నది. పళ్ళెం ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుని, "గట్టిగా చెప్పవే. మీ మామకు చెవులు వినపడవు గదా" అంది.